నలభై క్యాప్సూళ్ళు

"ఏడూ పదికి క్యాప్సూల్ మింగింది. పదకొండూ నలభైకి పోయింది. మధ్యలో నాలుగున్నర గంటలు. అంతేనా పిన్నిగారూ?"

"అంతే తల్లీ. టిఫిన్ తిన్న మనిషి అన్నం వేళకి లేదు."

నాంచారమ్మ మంచం పట్టె మీద చెయ్యి వేసి నేల మీద కూర్చుంది. మంచం మీద ఆదివారం నాటి దుప్పటి అలాగే నలిగి ఉంది. మూడు రోజులైనా దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు. పక్కింటావిడ మడవబోతే చెయ్యి విదిలించి కొట్టిందట. పోయింది ఆమె ఒక్కగానొక్క కూతురు ప్రియదర్శిని. ముప్పై ఒక్కేళ్ళది.

త్రివేణి నోటుబుక్కులో రెండు టైముల మధ్య గీత గీసింది. ఆమె తండ్రి పలాస నుంచి వచ్చి బిలాస్‌పూర్‌లో రైల్వే గార్డుగా చేసినవాడు. బండి ఏ స్టేషన్లో ఎన్నింటికి ఆగిందో, ఎన్నింటికి కదిలిందో రాసుకునే ఆయన అలవాటు కూతురికి అబ్బింది. పన్నెండేళ్ళు ఇన్సూరెన్సు కంపెనీ తరఫున చావులకు కారణాలు వెతికి, ఇప్పుడు రాయ్‌పూర్‌లో సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుకుంటోంది. మనిషి అబద్ధమాడతాడు గానీ గడియారం ఆడదని ఆమె నమ్మకం.

గోడ మీద గడియారం పదిన్నర చూపిస్తోంది. మధ్యాహ్నం రెండింటికి పోలీసులు చందును మెజిస్ట్రేటు ముందు నిలబెడతారు. చందు నాంచారమ్మ అల్లుడు, ఊరి బయట సిల్తారాలో ఇనుము తయారుచేసే స్పాంజ్ ఐరన్ ప్లాంటులో స్టోర్స్ కీపరు. పెళ్ళాన్ని చంపాడని నిన్న సాయంత్రం పట్టుకుపోయారు. కూతురు ఎలాగూ మట్టిలో కలిసింది, కొడుకులాంటి అల్లుడినైనా జైలుపాలు కాకుండా చూడమని నాంచారమ్మ పొద్దున్నే త్రివేణికి ఫోన్ చేసి గుండెలు బాదుకుంది. చేతిలో ఉన్నవి మూడున్నర గంటలు.

"క్యాప్సూల్ చేతికిచ్చింది ఎవరు?"

"చందూనే. రోజూ వాడే ఇస్తాడు. గ్లాసుడు పాలిచ్చి, మింగిందాకా నిలబడి, ఏడూ ఇరవైకి డ్యూటీకి పోయాడు. ఎనిమిదింబావుకి రెండు ఇడ్లీలు తినిపించి వణుకు మాత్ర నేనేశాను. తొమ్మిదిన్నరకి కళ్ళు తిరుగుతున్నాయమ్మా అంది. పడుకోమన్నాను. పదింబావుకి నిద్దరోయింది."

"మళ్ళీ ఎప్పుడు చూశారు?"

"పదీ ముప్పావుకి. మొహమంతా చల్లటి చెమట. తుడిచాను. లేపలేదమ్మా. ఎన్నాళ్ళకో కంటినిండా నిద్దరోతంది కదా, పోనీలే అనుకున్నాను. నా చేతకానితనం తగలెయ్య! లేపితే లేచేదేమో!"

త్రివేణి ఆ టైము కూడా రాసుకుంది.

నాంచారమ్మ ఒళ్ళో ఫోన్ మోగింది. తెర మీద 'సుభద్ర' అని పేరు. ఆమె దాన్ని బోర్లించి పక్కన పెట్టేసింది.

"ఎవరు?"

"ఈ ఊళ్ళోనే, ఉర్లాలో ఉండే ఆవిడ. వాళ్ళమ్మాయి రాజశ్రీకి కూడా ఇదే జబ్బు. ఆస్పత్రిలో కూర్చుని కూర్చుని స్నేహమయ్యాం. ఇందాకా ఒకసారి చేసింది. ప్రియ పోయిందని ఆవిడకింకా తెలీదు. ఆ పిల్లతల్లికి ఈ మాట ఏ నోటితో చెప్పమంటావు?"

జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. ఇంట్లో ఎమ్మెస్ అనేవారు. ప్రియదర్శినికి ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక రోజు కుడికంటికి మసక కమ్మింది. తర్వాత కాళ్ళు తిమ్మిరెక్కడం, తర్వాత చేతులు వణకడం. కరెంటు తీగ మీద రబ్బరు ఊడిపోయినట్టు నరాల మీది పొర ఊడిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. ఊడగొట్టేది బయటి పురుగేమీ కాదు, వంట్లో కాపలా కాయాల్సిన తెల్ల కణాలేనట. ఇంటి కుక్కే ఇంటివాళ్ళను కరిస్తే ఎవరితో చెప్పుకుంటారు! రెండేళ్ళుగా ఫింగోలిమోడ్ అనే క్యాప్సూల్ రోజుకొకటి వాడుతున్నారు. ఆ రెండేళ్ళలో కొత్తగా దెబ్బ పడలేదు.

"మరి ఈ మధ్య?"

నాంచారమ్మ తల వంచుకుంది. "పదిహేను రోజుల్నుంచీ బాగా దిగజారింది. గోడ పట్టుకుని బాత్రూముకి పోయే పిల్ల మంచానికి అతుక్కుపోయింది."

త్రివేణి కలం ఆగింది. మందు వాడుతూ ఉంటే రెండేళ్ళు నిలకడగా ఉన్న మనిషి పదిహేను రోజుల్లో ఎందుకు కూలిపోయింది? ఆ ప్రశ్న రాసుకుని లేచి వంటింట్లోకి నడిచింది.

పోలీసులు పాలగ్లాసు, ఫ్లాస్కు, చెత్తబుట్ట పట్టుకుపోయారు. పంచదార డబ్బా కూడా వదల్లేదు. పొయ్యి పక్కనున్న గుండ్రటి స్టీలు డబ్బా మాత్రం అక్కడే ఉంది. చూసినవాళ్ళెవరైనా పోపుల డబ్బా అనే అనుకుంటారు. అది పోపుల డబ్బానే, కానీ లోపల ఆవాలూ లేవు, జీలకర్రా లేదు. ఏడు చిన్న గిన్నెల్లో ఆరింటిలో ఒక్కొక్క క్యాప్సూల్ ఉంది. నడిమి గిన్నె ఖాళీ.

"నడిమిది ఆదివారం," నాంచారమ్మ గుమ్మంలో నిలబడి చెప్పింది. "సోమవారం గిన్నె అంచు కొంచెం నొక్కుకుంది. చందూ తీసిచ్చినా, అది అక్కణ్ణుంచి వేలితో తడుముకుంటూ ఏ రోజు గిన్నో సరిచూసుకునేది. దానికి రంగులు సరిగ్గా ఆనవు కదా, ఎరుపూ పసుపూ అన్నీ ఒకేలా వెలిసిపోయి కనపడేవి. ఒకరి మీద ఆధారపడటం దానికిష్టం లేదు."

"గిన్నెల్లో నింపేది?"

"నేనే. శనివారం దీపం పెట్టాక."

త్రివేణి నడిమి గిన్నె తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. స్టీలు వాసనే. గిన్నెలన్నీ పైకి తీసి డబ్బా అడుగు చూసింది. అంచు మూలలో చిటికెడు ఆకుపచ్చ పొడి ఇరుక్కుని ఉంది. కరివేపాకు పొడి కాదు, అంతకంటే చేదు వాసన. ఆమె దాన్ని కాగితంలో పొట్లం కట్టింది. చూస్తున్న నాంచారమ్మ ఏదో అనబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పైఅలమారలో మందుల స్ట్రిప్పులున్నాయి, ఒక్కో దాంట్లో పద్నాలుగు క్యాప్సూళ్ళ చొప్పున. ప్రతి దాని మీదా స్కెచ్ పెన్నుతో తేదీ రాసి ఉంది. ముందొచ్చిన సరుకు ముందు వాడాలన్నది స్టోర్సు పాఠం. చందు దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఇరవై ఎనిమిది రోజులకొకసారి రెండేసి స్ట్రిప్పులు ఠంచనుగా కొన్నాడు. త్రివేణి లెక్కపెట్టింది. నమ్మలేక మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇన్సూరెన్సు వదిలేసినా శవాలను మాత్రం వదల్లేదన్నమాట, త్రివేణీ జీ!"

వెనక్కి తిరగకుండానే ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలిసింది. మురళీమోహన్, తెలీబంధా పోలీసు స్టేషన్ ఇన్‌ఛార్జి. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగువాడు. నాలుగేళ్ళ కిందట అతను ప్రమాదమని మూసేసిన కేసును త్రివేణి హత్యని తేల్చింది. ఆ కోపం అతని కడుపులో ఇంకా చల్లారలేదు.

"సంతకం కావాలమ్మా," అతను నాంచారమ్మ ముందు కాగితం పెట్టాడు. "బస్, ఒక్క సంతకం. కోర్టుకి టైమైపోతోంది."

త్రివేణి ఆ కాగితాన్ని ముందు తను అందుకుంది. హిందీలో టైపు చేసి ఉంది. "పాలల్లో అల్లుడు ఏదో కలిపాడని నాకు అనుమానం అని ఉంది ఇందులో. ఇది మీరన్నారా పిన్నిగారూ?"

"అయ్యో రామ! పాలిచ్చాడన్నాను. కలిపాడని ఎక్కడన్నాను?"

"అరే, అదీ ఇదీ ఒకటే!" మురళీమోహన్ చిరాకుపడ్డాడు. "దేఖియే, పోస్టుమార్టంలో గుండె బాగుంది, మెదడులో రక్తం గడ్డకట్టలేదు. ఈ జబ్బుతో ఎవరూ ఒక్క పూటలో పోరని డాక్టరే చెప్పింది. వారం కిందట ప్లాంటు క్యాంటీన్లో, దాన్ని దేవుడు తీసుకుపోతే బాగుండు అన్నాడు మీ అల్లుడు. ముగ్గురు విన్నారు. ఇంకేం కావాలి?"

"మంచంలో ఉన్న పెళ్ళానికి గుడ్డలు మార్చి డ్యూటీకి పోయే మగాడు ఆ మాటన్నాడంటే, చంపుతాడని అర్థమా? మీ ఇంట్లో ఎవరూ మంచాన పడలేదా?"

"కవిత్వం వద్దు. సబూత్, రుజువు ఉంటే చూపించండి."

త్రివేణి స్ట్రిప్పులు బల్ల మీద పరిచింది. "చెత్తబుట్టలో దొరికిన ఖాళీ స్ట్రిప్పు మీద తేదీ ఎంత?"

అతను అయిష్టంగానే ఫోన్లో ఉన్న ఫొటో చూపించాడు. ఆగస్టు ఇరవై రెండు.

"ఆగస్టులో కొన్నది సెప్టెంబరు పద్దెనిమిదికల్లా అయిపోవాలి. అక్టోబరు ఆఖర్న చెత్తబుట్టలోకి ఎలా వచ్చింది? అక్టోబరు పదిహేడున తెచ్చిన ఇరవై ఎనిమిదిలోంచి రోజుకొకటి చొప్పున ఆదివారం దాకా మింగి ఉంటే, గిన్నెల్లోవి కలుపుకుని ఈ ఇంట్లో పద్దెనిమిది మిగలాలి. యాభై ఎనిమిదున్నాయి. నలభై ఎక్కువ. అంటే నలభై రోజులు ఆ అమ్మాయి కడుపులోకి ఈ మందు పోలేదు."

మురళీమోహన్ కళ్ళు చిన్నవయ్యాయి. తర్వాత అతను నవ్వాడు.

"శభాష్! రోజూ మందు చేతికిచ్చేది ఎవరు? చందు. అంటే నలభై రోజులు పెళ్ళానికి మందు ఆపేశాడు. నా కేసుకు ఒక్క కాలే ఉండేది మేడమ్, రెండోది మీరు పెట్టారు."

త్రివేణి, ప్రియకు మందు రాసిన నరాల డాక్టరమ్మకు ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. టైము పదకొండూ ఇరవై అయిదు. జరిగింది మూడు ముక్కల్లో చెప్పింది.

"నలభై రోజులు ఆపి ఆదివారం మళ్ళీ వేశారా? ఇంట్లోనా? నాకు చెప్పకుండానా?" ఆవిడ హిందీలో అరిచింది. "ఈ మందు మొదటిసారి వేసిన రోజు గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నాలుగైదు గంటలప్పుడు బాగా అడుగుకు దిగుతుంది. అందుకే మొదటి డోసు ఆస్పత్రిలో వేసి, ఆరు గంటలు గుండెకు వైర్లు పెట్టి చూస్తాం. రోజూ వేసుకుంటూ ఉంటే గుండె అలవాటు పడుతుంది. రెండు వారాలు దాటి ఆపితే ఆ అలవాటు పోతుంది. మళ్ళీ వేసే మొదటి క్యాప్సూల్ కూడా మొదటి రోజు కిందే లెక్క. పైగా ఆ పిల్ల వణుకు కోసం వాడే ప్రొప్రనోలాల్ కూడా గుండెను తగ్గించేదే! అందరికీ ఇలా అవదు. కానీ ఆ రెండూ కలిస్తే గుండె ఆగిపోవచ్చు."

ఏడూ పది నుంచి పదకొండూ నలభై దాకా. నాలుగున్నర గంటలు. ఏ విషమూ అక్కర్లేకపోయింది.

"మరీ మంచిది," అన్నాడు మురళీమోహన్. "అన్నీ తెలిసిన మొగుడు. నలభై రోజులు ఆపి, ఒక్క క్యాప్సూల్‌తో పని కానిచ్చాడు. ఏక్‌దమ్ సాఫ్."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. తను రక్షించడానికి వచ్చిన మనిషి మెడకు త్రివేణి తనే ఉచ్చు బిగించింది. ఆమె యాభై ఎనిమిదిలోంచి పద్దెనిమిది తీసేసిన అంకె వైపు చూస్తూ ఉండిపోయింది. నలభై. ముప్పై ఎనిమిది కాదు, నలభై రెండు కాదు. విసిగిపోయిన మొగుడు లెక్కపెట్టి సరిగ్గా నలభై రోజులు ఎందుకు ఆపుతాడు? తెలుగింట్లో నలభై రోజులంటే ఒకటే.

మండలం.

చిన్నప్పుడు బిలాస్‌పూర్ క్వార్టర్సులో పక్షవాతం వచ్చిన తాతకు పసరు మందు పట్టిన మండలం ఆమెకు గుర్తుంది. ఉప్పు లేని చప్పిడి కూడు, పథ్యం, ఇంగ్లీషు మందు ముట్టరాదు, ఎగిరే పిట్టకు కూడా చెప్పరాదు. చెబితే మందు పట్టదు.

ఆమె తలెత్తింది. నాంచారమ్మ గోడకు ఆనుకుని, రక్తం లేని మొహంతో ఫోన్ వైపే చూస్తోంది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న మనిషికి హిందీ రాకపోవడమేమిటి! ప్రతి ముక్కా అర్థమైంది.

"పిన్నిగారూ," త్రివేణి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. ఆ తల్లిని ఆ ప్రశ్న అడగాలని ఆమెకు లేదు. అడగకపోతే రెండింటికి చందు జైలుకి పోతాడు. "పసరు మందు ఎవరి దగ్గర తెచ్చారు?"

"వాడు కాదయ్యా," నాంచారమ్మ త్రివేణికి కాక ఇన్‌స్పెక్టరుకు చెప్పింది. "వాడికేం తెలీదు. నేనే. కన్నతల్లిని నేనే."

మురళీమోహన్ బల్ల దగ్గర్నుంచి ఇటు వచ్చాడు.

"రెండేళ్ళు వాడినా కాలు రాలేదు, కన్ను రాలేదు. డాక్టరమ్మని అడిగితే, పోయింది తిరిగి రాదు, ఇకముందు పోకుండా ఆపుతుంది అంతే అంది. ఆపితే ఏం లాభం, నాకు నా పిల్ల నడవాలి కదా! ఒరిస్సా సరిహద్దులో నరాలకి మందిచ్చే ఆయనున్నాడని విన్నాను. సెప్టెంబరు పదహారు, మంగళవారం. మండలం రోజులు పొడి వాడాలి, ఇంగ్లీషు మందు తగలకూడదు, ఎవరికీ చెప్పకూడదు అన్నాడు. ఇది ఒప్పుకోదు. మొండిది. అందుకని ఆ పొడి ఖాళీ క్యాప్సూల్ గొట్టాల్లో నింపి గిన్నెల్లో వేశాను. దానికి రంగు తెలీదు. చందూ పొద్దున్నే పరుగుల మీద ఉంటాడు, గిన్నెలోంచి తీసి ఇవ్వడమే గానీ ఏనాడూ పరీక్షగా చూళ్ళేదు."

"దిగజారినప్పుడైనా అనుమానం రాలేదా పిన్నిగారూ?"

"జబ్బు బయటికి పోయే ముందు పెరుగుతుందన్నాడు. నమ్మాను. శనివారంతో మండలం నిండింది. అసలు క్యాప్సూళ్ళు మళ్ళీ గిన్నెల్లో నేనే వేశాను. రెండూ కలిస్తే ఇంకా త్వరగా లేస్తుంది అనుకున్నాను తల్లీ!" ఆమె రెండు చేతులూ ముందుకు చాచి వాటికేసి చూసుకుంది. "రెండేళ్ళ కిందట ఆస్పత్రిలో ఆ ఆరు గంటలూ దాని పక్కన కూర్చుంది నేనే. గుండెకి వైర్లు పెడితే, ఎందుకమ్మా అని ఒక్క మాట అడగలేదు. ఫీజు కోసం పెట్టారనుకున్నాను. ఛీ, నా బతుకు!"

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని త్రివేణికి అనిపించింది. చందు బయటికి వస్తాడు. వచ్చి ఈ ఇంట్లో ఎవరి మొహం చూస్తాడు? ఆ క్యాప్సూల్ తన చేత్తో ఇచ్చినవాడు అతనే కదా. ఇందులో గెలిచినవాళ్ళెవరూ లేరు.

మురళీమోహన్ సంతకం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. మొదటిసారి అతని గొంతు తగ్గింది. "ఆ వైద్యుడి పేరు, ఊరు చెప్పండమ్మా. ఇంకా ఎవరైనా వెళ్ళారా ఆయన దగ్గరికి?"

నాంచారమ్మ తలెత్తింది. చెయ్యి నేల మీద బోర్లించిన ఫోన్ కోసం తడుముకుంది.

"సుభద్రని నేనే తీసుకెళ్ళాను," అంది. "మూడు రోజుల తర్వాత. శుక్రవారం."

త్రివేణి వేళ్ళ మీద లెక్కపెట్టింది. సెప్టెంబరు పందొమ్మిది నుంచి నలభై రోజులు. నిన్నటితో నిండింది.

ఆమె ఫోన్ లాక్కుంది. సుభద్ర నుంచి ఎత్తని కాల్స్: తొమ్మిదీ యాభై, పదీ ముప్పై అయిదు, పదకొండూ అయిదు. ఇప్పుడు పదకొండూ యాభై. తిరిగి నొక్కి స్పీకరు పెట్టింది. ఒక్క రింగుకే ఎత్తారు.

"వదినా! ఎన్నిసార్లు చెయ్యాలి నీకు?" సుభద్ర గొంతులో నిష్ఠూరమే ఉంది, భయమింకా లేదు. "నిన్నటితో మండలం అయిపోయింది కదా, పొద్దున్న ఏడున్నరకి అసలు క్యాప్సూల్ వేశాను. తొమ్మిదిన్నర నుంచీ కళ్ళు తిరుగుతున్నాయంటంది. ప్రియకీ ఇలాగే అయిందా అని అడుగుదామని..."

"రాజశ్రీ ఎక్కడుంది?" త్రివేణి అరిచింది.

"ఎవరు మీరు? ఇక్కడే, పడుకుంది. మంచి నిద్దరలో ఉంది. ఎన్నాళ్ళకో..."

"లేపండి! ఇప్పుడే లేపండి!"

మురళీమోహన్ అప్పటికే గుమ్మం దాటి వాకిట్లో ఫోన్లో కేకలేస్తున్నాడు, ఉర్లా స్టేషన్ జీపు ఎక్కడుంటే అక్కణ్ణుంచి కదలాలని, అంబులెన్సు కోసం ఆగొద్దని. నాంచారమ్మ చేతుల మీద పాకుతూ వచ్చి ఫోన్ మీదికి వంగింది.

"వదినా, ఇది లేవట్లేదు," సుభద్ర గొంతు మారిపోయింది. "రాజీ! ఏయ్ రాజీ! ఒళ్ళు చల్లగా ఉందేంటి? చెమటలేంటి?"

"సుభద్రగారూ, నా మాట వినండి. తల కింద దిండు తీసెయ్యండి. మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టండి. కొట్టుకుంటోందా? కొట్టుకున్నప్పుడల్లా పైకి లెక్కపెట్టండి. గట్టిగా. జీపు వస్తోంది."

"ఆఁ... ఉంది. ఒకటి." గోడ గడియారంలో సెకన్ల ముల్లు రెండు అడుగులు వేసింది. "రెండు."

త్రివేణి కళ్ళు సెకన్ల ముల్లు మీదే ఉన్నాయి. పది దాకా చేరడానికి ఇరవై సెకన్లు పట్టింది. పద్నాలుగు దగ్గరికి వచ్చేసరికి మధ్య ఖాళీ మూడు సెకన్లయింది. పదిహేను. పదహారు. బయట మురళీమోహన్ అరుపులు ఆగిపోయాయి, అతను కూడా గుమ్మంలోకి వచ్చి వింటున్నాడు.

"పదిహేడు," అంది సుభద్ర.

ముల్లు కదిలింది. మళ్ళీ కదిలింది. మళ్ళీ కదిలింది. ఫోన్లోంచి ఆ తల్లి ఊపిరి తప్ప ఇంకేమీ వినపడలేదు.

నాంచారమ్మ రెండు చేతుల్తో ఫోన్ పట్టుకుని నోటికి ఆనించుకుంది.

"పద్దెనిమిది చెప్పు సుభద్రా," అంది. "పద్దెనిమిది చెప్పవే తల్లీ."